నొప్పి తగ్గాక రెండో సీడీ

నడుం నొప్పి తగ్గిన తర్వాతే నాకు కష్టాలు మొదలయ్యాయి. నొప్పి ఉన్నంతకాలం ఇంట్లోగానీ సంఘంలోగానీ నా మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. పైగా అందరికీ నేనంటే ఎంతో ప్రేమ. ఆ ప్రేమ గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పట్లో నేను బందరులో ఒక ఆఫీసులో టైపిస్టుని. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చిన కొత్త. మిషనుకి సరిపోయిన కుర్చీ కంప్యూటరు బల్లకి సరిపోలేదు. కుర్చీ మార్చమని అడిగితే మా పై ఆఫీసరు గారు చూద్దామన్నారు. ఆయన చూస్తూ ఉండగానే నా నడుం పట్టేసింది. పొద్దున్నే మంచం దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. గుడివాడలో ఎముకల డాక్టరు హస్తవాసి మంచిదని ఎవరో చెబితే మా ఆయన అక్కడికి తీసుకెళ్లారు. ఆ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, ఎముకకేమీ కాలేదు, కండరాలు బిగిసిపోయాయి, మాత్రలు కొన్నాళ్లే, ఆసనాలు మాత్రం రోజూ చెయ్యాలన్నాడు. మాకు నేర్పేవాళ్లెవరున్నారండీ అంటే, "ఇప్పుడు సీడీలొచ్చినయ్ కదమ్మా, ఇంట్లో టీవీ చూసి చేసుకోవటమే," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర సీడీల కొట్లో మా ఆయనే బేరమాడి కొన్నారు. ఒక డబ్బాలో రెండు సీడీలు. మొదటిది కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, రెండోది కాస్త అలవాటైనవాళ్లకి. డబ్బా మీద తెల్లబట్టల్లో ఒకాయన బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆ బొమ్మ చూసి మా ఆయన డబ్బాని పేపర్లో చుట్టివ్వమని కొట్టువాడిని అడిగారు. ఎందుకని నేనడగలేదు, నాకు తెలుసు గనక.

మాది క్రైస్తవ కుటుంబం. మా ఆయన సంఘ పెద్దల్లో ఒకరు. మా ముందుగది కిటికీకీ, పాస్టరు గారి వరండాకీ మధ్య ఒక పిట్టగోడే అడ్డం. పాస్టరు గారిని మేం అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు అంటాం. రెండు వీధుల అవతల మా వదిన గారు, అంటే మా ఆయన అక్కయ్య ఉంటారు. శుక్రవారం జరిగే స్త్రీల ప్రార్థన కూటం ఆవిడ చేతి మీదుగానే నడుస్తుంది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరికి బదిలీ కావలసినా ఆవిడ చెవిన పడితే శుక్రవారానికల్లా అది అందరి ప్రార్థనలోకీ వచ్చేస్తుంది.

మొదటిరోజు పొద్దున సీడీ పెట్టగానే ఫ్లూటు మొదలైంది. మా ఆయన సగం గడ్డం గీసుకున్న ముఖంతో పెరట్లోంచి పరుగున వచ్చి రిమోటు తీసుకుని మ్యూట్ నొక్కారు.

"ముందు ఫ్లూటు, ఆ తర్వాత మంత్రాలొస్తాయి. అయ్యగారి వరండాలోకి వినబడితే నేను రేపు కమిటీలో ఎట్టా కూర్చోను? బొమ్మ చూసి చేసుకో. మాటలెందుకు?"

నేను సరేనన్నాను. నొప్పితో ఉన్న మనిషికి పంతాలెక్కడివి. మొదటి సీడీలో ఉన్నవన్నీ డాక్టరు చేసి చూపించినవే. వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకి తెచ్చుకోవడం, పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు వీపు పైకీ కిందకీ వంచడం. చాప మీద దుప్పటి మడిచి వేసుకుని, శబ్దం లేని టీవీ ముందు రోజూ పొద్దున్నే అరగంట. మా ఆయన ఆ అరగంటలో షటిల్ ఆడటానికి గ్రౌండుకి వెళ్లేవారు. వానలు పట్టేసరికి గోడ పట్టుకోకుండా మంచం దిగాను. వానలు తగ్గేసరికి బిందె చంకనెత్తుకున్నాను. నొప్పి పోయింది. ఒక పొద్దున రెండో సీడీ పెట్టాను.

"అదేంటి, తగ్గిందిగా. ఇంకెందుకు?" అన్నారు మా ఆయన, షటిల్ బ్యాటు చేత్తో పట్టుకుని.

ఆ మాట నేనే అడగాల్సింది. ఆ బ్యాటు ఎందుకని. ఆయన భుజానికేమైనా నొప్పా, మోకాలికేమైనా వాతమా. పెళ్లయిన దగ్గర్నించీ ఆడుతున్నారు, ఒక్కరైనా ఎందుకాడుతున్నావని అడిగిన పాపాన పోలేదు. కానీ ఆ రోజు నాకు ఈ మాటలేవీ నోటికి రాలేదు. "మళ్లీ రాకుండా ఉంటుందని," అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రెండో సీడీ నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది. అందులో ఆ తెల్లబట్టలాయన పక్కన నిలబడి మాట్లాడుతూ ఉంటాడు. ఒక సన్నటి అమ్మాయి ఆసనాలు వేస్తుంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచి ముందుకి వాలిపోతుంది. భుజాల మీద ఆని కాళ్లు నిటారుగా ఆకాశానికి లేపుతుంది. వెల్లకిలా పడుకుని అరచేతులు చెవుల పక్కన ఆనించి నడుం మొత్తం పైకెత్తేస్తుంది. దాన్ని చక్రాసనమంటారని తెర మీద అక్షరాలు చూసి తెలుసుకున్నాను. నాకు మాటలు వినబడవు గనక ఆ అమ్మాయి ఒళ్లే నాకు పాఠం. ఆయన మాట్లాడినంతసేపూ ఆ అమ్మాయి అలాగే ఉంటుంది. ఆయన నోరు మూస్తేగానీ దిగదు. అంతసేపూ ఉండాలి కాబోలనుకుని నేనూ పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి అలాగే ఉండేదాన్ని. కళ్ల ముందు మెరుపులొచ్చేవి. ఆ మాటకారి మీద నాకెంత కోపం వచ్చేదో చెప్పలేను. ఎప్పుడాపుతావయ్యా నీ ప్రసంగం అని తలకిందులుగానే గొణుక్కునేదాన్ని.

ఈలోగా మా ఆయన చేసిన పని ఒకటుంది. పిట్టగోడ అవతల నుంచి అమ్మగారు ఒకరోజు కిటికీలోంచి నా కాళ్లు గాల్లో లేచి ఉండటం చూశారట. ఏవిటండీ అది అని మా ఆయన్నే అడిగారట. నడుం నొప్పండీ, డాక్టరు చెప్పాడండీ అని చెప్పేశారు ఆయన. తగ్గిపోయిన నొప్పిని మళ్లీ తెచ్చి నా నడుముకి కట్టారు. అది వదిన గారి చెవిన పడింది. శుక్రవారం ప్రార్థనలో చేరింది. ఇక చూడండి. గిలకలదిండి నుంచి చేపల గంప తెచ్చే ఆమె కూడా గుమ్మంలో గంప దించి, "నువ్వు వంగబాకమ్మా, నడుం నొప్పంట గదా. నేనే కోసిస్తాను, ఆ కత్తిపీట ఇట్టా తీసుకురా," అంది. కత్తిపీట వంగకుండా ఎలా తెస్తాననుకుందో ఆమెకే తెలియాలి. ఆఫీసులో నీళ్ల కుండ దగ్గరికి నన్ను వెళ్లనివ్వలేదు. అంతమంది అంత దయ చూపించారుగానీ నా కుర్చీ మాత్రం ఎవరూ మార్చలేదు.

ఒక శనివారం పొద్దున మొట్టమొదటిసారి నా నడుం నేల వదిలి పైకి లేచింది. చేతులు వణుకుతున్నాయి, జుట్టు చాప మీద పరుచుకుంది, షోకేసులో టీవీ తలకిందులుగా కనబడుతోంది. చదువూ, పెళ్లీ, ఉద్యోగం, అన్నీ ఎవరో ఒకరు చెయ్యమంటే చేసినవే. ఇది మాత్రం ఎవరూ చెయ్యమనలేదు. కిందకి దిగి చాప మీద పడుకుని కాసేపు నవ్వుకున్నాను. అంత సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలి కదా. ఎవరికి చెప్పను? అందరి లెక్కలోనూ నేను రోగిని.

ఆ సాయంత్రమే వదిన గారు పదిమంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు, నా నడుం కోసం ప్రార్థన చెయ్యడానికి. పొద్దున్న నేను చక్రాసనం వేసిన చాప మీదే కూర్చున్నారు. రెండు పాటలు పాడారు. వదిన గారు నా వీపు మీద చెయ్యి వేసి, ప్రతి ఎముకనీ పేరుపేరునా తలుచుకున్నట్టు చాలాసేపు ప్రార్థించారు. చుట్టూ కళ్లు మూసుకున్న ఆ ఆడవాళ్లలో ఒక్కరి మనసులోనూ కల్మషం లేదని నాకు తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది. నేను తల వంచుకుని, పొద్దున లేచిన నడుముతో, లేని నొప్పికి ఆమెన్ అన్నాను. ఆ తర్వాత లేచి అందరికీ ఉప్మా పెట్టబోతే ముగ్గురు లేచి నన్ను కూర్చోబెట్టారు.

ఆ వారంలోనే కరెంటు నాకొక మేలు చేసింది. సీడీ నడుస్తుండగా పోయి, కాసేపటికి వచ్చింది. కరెంటు పోయి వస్తే మా టీవీకి మ్యూట్ గుర్తుండదు. సీడీ మళ్లీ మొదటినుంచీ మొదలైంది, ఈసారి శబ్దంతో. రిమోటు కోసం లేవబోయి ఆగిపోయాను. మా ఆయన షటిల్‌కి వెళ్లారు, అయ్యగారి వరండా ఖాళీగా ఉంది. ఫ్లూటు అయిపోయింది. మంత్రాల కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. రాలేదు. తెల్లబట్టలాయన చిన్నగా దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"నడుం నొప్పి, మెడనొప్పి ఉన్నవాళ్లు ఈ రెండో భాగం చేయకూడదు," అన్నాడాయన. "నొప్పి పూర్తిగా తగ్గి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం మాత్రమే ఇది. తొందర లేదు. ఎంతవరకు వస్తే అంతవరకే చేయండి. నేను మాట్లాడుతున్నంతసేపూ మీరు ఉండనక్కర్లేదు. ఊపిరి బిగబట్టవద్దు."

చాప మీద అలాగే కూలబడ్డాను. ఇన్నాళ్లూ ఆయన నాకు దిగమ్మా, ఊపిరి పీల్చుకోమ్మా అని చెబుతూనే ఉన్నాడు. ఆయన నోరు నొక్కేసి నేను చచ్చీచెడీ వేలాడుతూ ఉన్నాను. సీడీ చివరిదాకా విన్నాను. మంత్రమన్నది ఒక్కటి లేదు. పీల్చండి, వదలండి, నెమ్మదిగా దిగండి, ఇంతే. మధ్యలో ఇంకో రెండుసార్లు దగ్గాడు. మా ఆయన ఆ ఫ్లూటు దాటి ఒక్క ముక్క వినకుండానే నాకు చెవులు మూసేశారు. నేనూ ఒక్క ముక్క వినకుండానే సరేనన్నాను.

ఆయన గ్రౌండు నుంచి రాగానే ఆ ముక్క పెట్టి వినిపించాను. చెమట తుడుచుకుంటూ విన్నారు.

"విన్నారుగా. నొప్పి ఉన్నవాళ్లు చెయ్యకూడదంట. నొప్పనే కదా మీరు ఊరంతా చెప్పింది?"

"ఉంటే ఉండనీ. ఊళ్లోవాళ్లేమన్నా సీడీ వింటారా? నొప్పంటే ఎవరూ ఏమీ అనరు. ఊరికే చేస్తందంటే తలో మాటా అంటారు. నీ మంచికే చెప్పాను."

"నాకు మంచి అయితే నన్నడిగి చెప్పాల్సిందిగా."

"నువ్వు చేసుకోటానికి అడ్డం లేకుండా చేశాను. ఇంకేం కావాలి నీకు?"

నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. చెడ్డ మనిషి కాదు. గొడవ లేకుండా గడిచిపోవాలి, అంతే ఆయనకి కావలసింది. ఆ గడిచిపోవడానికి నా ఒళ్లు అడ్డం పెట్టారు. ఆ పూట చారులో ఉప్పెక్కువైంది, కావాలని వెయ్యలేదుగానీ తియ్యాలనీ అనిపించలేదు.

సంఘంలో ఏటా చలికాలంలో అందరం కలిసి పాలకాయతిప్ప వెళతాం. లారీ మాట్లాడుకుని, వంటపాత్రలు వేసుకుని, సముద్రం ఒడ్డున ముందు ప్రార్థన, తర్వాత సాక్ష్యాలు, ఆ తర్వాత భోజనాలు. మేలు పొందినవాళ్లు నలుగురి ముందూ లేచి ఆ మేలు చెప్పుకోవడమే సాక్ష్యం. ప్రయాణం ఇంకా వారం ఉందనగా వదిన గారు వచ్చి పీట వాల్చుకున్నారు.

"నీ నడక చూస్తంటే తగ్గినట్టే ఉంది. తగ్గిందా?"

"తగ్గిందండీ."

"దేవుడికి స్తోత్రం. మేమందరం ఎంత పట్టుదలగా ప్రార్థన చేశామనుకున్నావు. పాలకాయతిప్పలో సాక్ష్యం చెప్పు. ఇహ ఆ సీడీ కూడా తీసి లోపల పెట్టెయ్. తగ్గినాక దాంతో పనేముంది? అమ్మగారికి కూడా మనసులో కొంచెం కష్టంగానే ఉంది."

ఆవిడ వెళ్లగానే మా ఆయన వంటింట్లోకి వచ్చారు. "సాక్ష్యం చెప్పబాకు. తగ్గిందని చెప్తే సీడీ మానెయ్యాల్సిందే, అక్క ఊరుకోదు. ఇంకా కొంచెం లాగుతా ఉందని చెప్పు. నీ అరగంట నీకుంటది."

ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. తగ్గిందంటే నా పొద్దుటి అరగంట పోతుంది. తగ్గలేదంటే అరగంట ఉంటుందిగానీ బతికినంతకాలం నడుం పడిపోయిన మనిషిగానే ఉండాలి. ఇద్దరూ నా బాగు కోరేవాళ్లే. ఇద్దరిలో ఒక్కరికైనా నీకేం కావాలే అని అడగాలని తోచలేదు.

పాలకాయతిప్ప ప్రయాణంలో ఆడవాళ్లందరూ లారీ వెనక ఎక్కి పాటలు పాడుకుంటూ వచ్చారు. నన్ను మాత్రం కుదుపులు తగలకూడదని డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఘంటసాల ఊరు దాటేదాకా వెనక పాటలు వినబడుతూనే ఉన్నాయి. నేను ముందు గాజుపలకలోంచి కోతలయిన చేలు చూస్తూ పళ్లు నూరుకున్నాను. తీరం చేరాక అందరూ ఇసుకలో చాపలు పరుచుకుంటే, నాకోసం మోసుకొచ్చిన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అయ్యగారికొకటి, నాకొకటి. కూర్చుంటే దాని కాళ్లు ఇసుకలోకి దిగబడి నేను ఒకపక్కకి ఒరిగిపోయాను.

సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒకరి అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, ఒకరికి కళ్ల ఆపరేషను బాగా జరిగింది. వదిన గారు నావైపు చూసి తలాడించారు. మా ఆయన మగవాళ్ల వరసలోంచి నావైపు చూసి తల అడ్డంగా ఊపారు. నేను లేచాను. కుర్చీలోంచి లేవడానికి సాయం చెయ్యబోయిన చేతుల్ని వదిలించుకున్నాను.

"నా నడుం నొప్పి మొన్నటి వానల్లోనే తగ్గిందండీ," అన్నాను. "మీరు ఇంటికొచ్చి ప్రార్థన చేసిన రోజుకి నాకు నొప్పి లేదు. నన్ను బాగుచేసిన దేవుడికి స్తోత్రం. ఆసనాలు మాత్రం ఇప్పటికీ చేస్తున్నాను. నొప్పి కోసం కాదు. నొప్పి ఉన్నవాళ్లు అవి చెయ్యకూడదని ఆ సీడీలోనే ఉంది. నాకిష్టమై చేస్తున్నాను. ఇకమీదట కూడా చేస్తాను. నా నడుం కోసం ఎవరూ ప్రార్థన చెయ్యొద్దండీ, దానికేం కాలేదు."

వెనక వరసలో చెవులు సరిగ్గా వినబడని ఒక ముసలమ్మ అలవాటుగా ఆమెన్ అంది. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వదిన గారి ముఖం జేవురించింది.

"ఇష్టమేంటమ్మా? తగ్గినాక దేనికసలు?"

"మీ తమ్ముడు గారు షటిల్ దేనికాడతారో దానికేనండీ."

మగవాళ్ల వరసలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. అయ్యగారు గబగబా ముగింపు పాట ఎత్తుకున్నారు. భోజనాల దగ్గర ఎవరూ నాకు వడ్డించడానికి ఎగబడలేదు, నా విస్తరి నేనే తెచ్చుకున్నాను, కూర నేనే వేసుకున్నాను. ఎన్నాళ్లకో ఆకలేసి తిన్నాను. తిరుగు ప్రయాణంలో నేను లారీ వెనక ఎక్కాను. డ్రైవరు పక్కన మా ఆయన కూర్చున్నారు. ఆయన నాతో మామూలుగా మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది.

వచ్చిన శుక్రవారం కూటానికి నేను వెళ్లలేదు. వెళ్లిన ఒకావిడ ఆదివారం నా పక్కన కూర్చుని గుసగుసగా చెప్పింది. నా నడుముని ప్రార్థనలోంచి తీసేశారట. దాని బదులు నా కోపం కోసం ప్రార్థించారట. వదిన గారే నడిపించారట, చాలాసేపు.

మర్నాడు పొద్దున కిటికీ రెక్కలు రెండూ తీశాను. సీడీ పెట్టి రిమోటు తీసుకుని శబ్దం పెంచాను. ఫ్లూటు పిట్టగోడ దాటి వెళ్లింది. వరండాలో సత్తు గిన్నెలో బియ్యం ఏరుకుంటున్న అమ్మగారు తలెత్తి చూసి, మళ్లీ బియ్యం ఏరుకున్నారు. మా ఆయన బ్యాటు తీసుకుని గ్రౌండుకి వెళ్లిపోయారు. తెల్లబట్టలాయన దగ్గి, తొందర లేదన్నాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున వదిన గారు పాల ప్యాకెట్టుతో వెళుతూ మా కిటికీ దగ్గర ఆగారు. నేను చేతుల మీదా కాళ్ల మీదా నడుం ఎత్తి ఉన్నాను. ఆవిడ నాకు తలకిందులుగా కనబడ్డారు.

"ఇంకా తగ్గలేదా?" అన్నారు.

"నడుమా అండీ?"

"కాదు. కోపం."

పీల్చమన్నాడు టీవీలో ఆయన. పీల్చుకున్నాను.

"లేదండీ," అన్నాను. దిగలేదు.